మూసేస్తున్న కార్ల డీలర్‌షిప్ నుంచి పాత వర్క్‌షాప్ సామాను కొనొచ్చా?

ముందు ప్రశ్న క్లుప్తంగా. కంపెనీ వర్క్‌షాప్‌లో చాలాకాలం టెక్నీషియన్‌గా చేసి, ఖమ్మంలో సొంతంగా మల్టీబ్రాండ్ గ్యారేజ్ పెట్టబోతున్న ఒకరు అడిగారు. ఊళ్లో ఒక కార్ల డీలర్‌షిప్ మూసేస్తున్నారట. రెండు టూ పోస్ట్ లిఫ్టులు (రెండు స్తంభాల మధ్య కారును పైకి లేపేవి), చక్రాల కోణాలు చూసే 3డీ అలైన్‌మెంట్ మెషిన్, చక్రాల బరువు సమం చేసే బ్యాలెన్సర్, గాలి కంప్రెసర్, రంగు వేసే గది అంటే పెయింట్ బూత్, కారు కంప్యూటర్‌ను చదివే కంపెనీ స్కానర్, ఆ బ్రాండ్ కార్ల కోసమే చేసిన స్పెషల్ టూల్స్ అన్నీ కలిపి ఒకే లాట్‌గా, కొత్తవాటి ధరలో మూడో వంతుకే ఇస్తామంటున్నారట. "వదులుకుంటే మళ్లీ దొరకదేమోనని టెన్షన్‌గా ఉంది, తీసుకోమంటారా?" అన్నది ప్రశ్న.

లాట్‌గా వద్దండి. లిఫ్టులు, బ్యాలెన్సర్, కంప్రెసర్, స్పెషల్ టూల్స్ విడివిడిగా బేరమాడండి. అలైన్‌మెంట్ మెషిన్ సంగతి పరీక్ష చేశాక తేల్చుకోవచ్చు. బూత్, స్కానర్ మాత్రం ఊరికే ఇస్తామన్నా తొందరపడకండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో గ్యారేజ్ నడుపుతున్నాను. కొత్తగా షెడ్డు పెట్టేవాళ్లకు సెకండ్ హ్యాండ్ సామాను చూసిపెట్టడం కూడా అలవాటైపోయింది. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

మళ్లీ దొరకదన్న భయం పెట్టుకోకండి. 2017 చివరికల్లా జనరల్ మోటార్స్ మన దేశంలో షెవర్లే కార్ల అమ్మకాలు ఆపేసింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నానని ప్రకటించింది. అప్పటికి ఫోర్డ్‌కు 170 మంది డీలర్లు, 391 ఔట్‌లెట్లు ఉన్నాయని, వాళ్లు పెట్టిన డబ్బు దాదాపు 2,000 కోట్లని డీలర్ల సంఘం ఫాడా చెప్పింది. 2022లో డాట్సన్ బ్రాండ్ పోయింది. బ్రాండ్లు వెళ్లిపోవడం అటుంచితే, 2019 ఏప్రిల్‌తో ముగిసిన ఏడాదిన్నరలోనే దేశంలో 286 షోరూములు మూతపడ్డాయని అదే ఫాడా లెక్క. ఖమ్మంలో కాకపోతే వరంగల్లో, అక్కడ కాకపోతే హైదరాబాద్‌లో ఇంకొకటి తగులుతుంది. అమ్మేవాడికి గడువు ఉంది, మీకు లేదు. బేరంలో మీ చేతిలో ఉన్న పెద్ద బలం అదే.

అంత మంచి సామాను అంత చవగ్గా ఎందుకు వస్తుందంటే, డీలర్‌షిప్ ఇచ్చేటప్పుడు ఏ లిఫ్ట్ పెట్టాలి, ఏ అలైన్‌మెంట్ మెషిన్ కొనాలి, గోడకు ఏ రంగు వేయాలి అన్నీ కార్ల కంపెనీయే చెబుతుంది. రేపు ఈ డీలర్ ఇంకో బ్రాండ్ తీసుకున్నా, ఆ కంపెనీ జాబితా వేరు. పాత సామానును చాలావరకు ఒప్పుకోదు. పైగా ఇక్కడ డీలర్లను కాపాడే ప్రత్యేక చట్టమేమీ లేదు, ఫాడా ఎప్పటినుంచో అడుగుతూనే ఉంది. కాబట్టి కంపెనీ వెళ్లిపోతే డీలర్ దొరికినంతకు అమ్ముకుని అద్దె భవనం ఖాళీ చేయాల్సిందే.

అయితే డీలర్‌షిప్ మూతపడడంలో రెండు రకాలున్నాయి. బ్రాండే దేశం వదిలిపోతే సామాను మొత్తం అక్కడే ఉంటుంది, మంచిది కూడా దొరుకుతుంది. బ్రాండ్ ఉండి ఈ డీలర్ ఒక్కడే మునిగితే, అదే ఏరియా తీసుకునే కొత్త డీలరో, పక్క జిల్లాలోని వాళ్ల బంధువుల డీలర్‌షిప్పో ముందే వచ్చి మంచివి ఏరుకుని పోతారు. మీ దాకా వచ్చిన లాట్‌లో అలైన్‌మెంట్ మెషిన్ ఉండి దాని టర్న్ టేబుళ్లు (చక్రాల కింద పెట్టే, తిరిగే పళ్లేలు) లేకపోయినా, మూడు లిఫ్టులకు వేసిన కాంక్రీట్ బెడ్లు కనిపించి రెండు లిఫ్టులే ఉన్నా, ఆ ఏరుడు అయిపోయిందనే అర్థం.

ఇప్పుడు కాగితాలు. మెషిన్ చూడకముందే ఇది చూడాలి. డీలర్‌షిప్‌లో కనిపించేదంతా డీలర్‌ది కాదు. మెషినరీ, స్టాకు బ్యాంకుకో ఫైనాన్స్ కంపెనీకో హైపోథికేషన్‌లో, అంటే అప్పు మీద తాకట్టులో, ఉండడం మామూలే. అప్పు తీరకుండా ఆయన మీకు అమ్మితే, రేపు బ్యాంకు వాళ్లు మీ షెడ్డు ముందుకొచ్చి నిలబడతారు. వాళ్లది ప్రైవేట్ లిమిటెడ్ అయితే కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) వెబ్‌సైట్‌లో ఆ కంపెనీ పేరు కొడితే ఛార్జీల, అంటే ఆస్తుల మీద నమోదైన తాకట్టుల, వివరాలు కనిపిస్తాయి, ఏ బ్యాంకు, ఎంత మొత్తం, తీరిందా లేదా అని. పార్ట్‌నర్‌షిప్ అయినా సరే, తాకట్టులు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో చిన్న ఫీజు కట్టి వెతకొచ్చు. అప్పు ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రాతపూర్వకంగా, మెషిన్ల సీరియల్ నంబర్లతో సహా తీసుకోండి. "మేనేజర్‌తో మాట్లాడేశాం" అన్న మాట చాలదు.

అప్పులవాళ్లు కాకుండా ఇంకో రకం సొంతదారులు కూడా ఉంటారు. పెయింట్ మిక్సింగ్ మెషిన్ చాలాచోట్ల పెయింట్ కంపెనీది, తమ రంగులే కొంటామన్న ఒప్పందం మీద పెట్టినది. ఆయిల్ డిస్పెన్సర్లు, రీళ్లు ఆయిల్ కంపెనీవి కావచ్చు. స్కానర్ కార్ల కంపెనీకి తిరిగి ఇవ్వాల్సింది కావచ్చు. ప్రతి వస్తువుకూ పాత కొనుగోలు బిల్లు అడగండి. బిల్లు లేదన్నదాని మీద చెయ్యి వేయకండి. భవనం యజమానికి అద్దె బాకీ ఉందేమో కూడా వాకబు చేయండి. లారీ లోడు అయ్యాక గేటుకు తాళం పడడం నేను చూశాను.

బిల్లు లేకుండా ఇస్తే ఇంకొంచెం తగ్గిస్తామంటారు. వద్దు. మీరు రెగ్యులర్ జీఎస్టీలో ఉండబోతే బిల్లు మీద కట్టిన 18 శాతం పన్ను క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. చిన్న వ్యాపారుల కాంపోజిషన్ స్కీములో ఉంటే మాత్రం రాదు, ఆ లెక్క వేసుకునే బేరమాడండి. అమ్మేవాళ్ల వైపు ఒక చిక్కుంది: మెషిన్ కొని ఐదేళ్లు దాటకపోతే, వాళ్లు అప్పట్లో తీసుకున్న క్రెడిట్‌లో మూడు నెలలకు 5 శాతం చొప్పున తగ్గించగా మిగిలినదీ, ఇప్పుడు అమ్మే ధర మీద పన్నూ, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అది కట్టాలి. బిల్లు అనగానే మొహం చిట్లించేది అందుకే. వాళ్ల జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దు కాకముందే బిల్లు రాయించుకోవాలి, రద్దయ్యాక వాళ్లు పన్ను బిల్లు ఇవ్వలేరు. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు కూడా.

ఇక లిఫ్టులు. మీ డబ్బులో పెద్ద భాగం వీటి మీద పెట్టినా నాకు అభ్యంతరం లేదు. మంచి లిఫ్ట్ ఇనుము, ఆయిల్, సీళ్లు, అంతే. పదేళ్లు వాడినా బాగు చేసుకుని ఇంకో పదేళ్లు వాడొచ్చు. ఏటీఎస్ ఎల్జీ లాంటి మన దేశీ తయారీ అయితే కోయంబత్తూరు నుంచి స్పేర్లు వస్తాయి. పేరు తెలియని దిగుమతి సరుకైతే సీల్ కిట్ కోసం కూడా తిరగాలి.

చూసేటప్పుడు ఖాళీ లిఫ్ట్ పైకీ కిందకీ ఆడించి చూపిస్తారు. దానికి ఒప్పుకోకండి. ఇన్నోవా లాంటి బరువైన బండి ఎక్కించమనండి. ఛాతీ ఎత్తు వరకు లేపి, లాక్ మీద దించకుండా హైడ్రాలిక్ మీదే ఆపండి. రెండు స్తంభాల మీదా క్యారేజ్ (లిఫ్ట్ చేతులను మోస్తూ పైకీ కిందకీ కదిలే భాగం) అంచు దగ్గర సుద్దముక్కతో గీత గీయండి. బండి కింద ఎవరూ ఉండకూడదు. బయటికెళ్లి టీ తాగి రండి. గీత నుంచి క్యారేజ్ జారితే సిలిండర్ సీలో వాల్వో పోయింది. అది పెద్ద ఖర్చు కాదు, ధర తగ్గించుకోవచ్చు. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ జారితే మాత్రం రెండు వైపులా సమంగా లేవడానికి ఉండే ఈక్వలైజర్ కేబుళ్లు, పుల్లీలు కూడా చూడాలి. కేబుల్ వెంట గుడ్డముక్క పట్టుకుని లాగండి, తెగిన తీగ ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. మళ్లీ లేపుతూ లాకుల శబ్దం వినండి. రెండు వైపులా ఒకేసారి టక్ టక్‌మని పడాలి. చేతులు లేచాక అటూ ఇటూ ఊగకుండా ఆర్మ్ లాకులు పట్టాలి. స్తంభం అడుగున బేస్ ప్లేట్ వెల్డింగ్ దగ్గర మాత్రమే కొత్త రంగు కనిపిస్తే, గీకి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

స్క్రూ రకం లిఫ్ట్ అయితే కథ వేరు. బరువంతా మెయిన్ నట్ మీద ఉంటుంది, అది అరిగేది. కింద సేఫ్టీ నట్ ఉంటుంది. రెండింటి మధ్య గ్యాప్ ఎంత ఉండాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, ఫీలర్ గేజ్ పెట్టి కొలవండి. మాన్యువల్ లేదు, గ్రీజు ఎప్పుడు వేశారో తెలియదు అంటే నట్లు మార్చే ఖర్చు ధరలోంచి తీసేయండి.

పాత యాంకర్ బోల్టులు మీ షెడ్డులో వాడొద్దు, కొత్తవే వేయాలి. మీ ఫ్లోరింగ్ మామూలు నాలుగంగుళాల కాంక్రీట్ బెడ్ అయితే దాని మీద నాలుగు టన్నుల లిఫ్ట్ నిలబెట్టడం ప్రాణాలతో చెలగాటం. లిఫ్ట్ మాన్యువల్ ఎంత మందం, ఏ గ్రేడు కాంక్రీటు అడిగితే అంత వేసి, క్యూరింగ్ పూర్తయ్యాకే బిగించండి. స్థలం నల్లరేగడి అయితే సివిల్ ఇంజనీర్‌ను అడిగే పోయించండి. షెడ్డు ఎత్తు కూడా కొలిచారా? పైన అడ్డబీమ్ ఉండే రకానికి 12 అడుగుల పైనే కావాలి. డీలర్‌షిప్ షెడ్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి అక్కడ ఆ తేడా కనిపించదు.

కంప్రెసర్‌ను చెవితో కాదు, గడియారంతో పరీక్షించాలి. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించి, సున్నా నుంచి కట్ ఆఫ్ దాకా ఎంతసేపు పట్టిందో చూడండి. ఉదాహరణకు 500 లీటర్ల ట్యాంకు 8 బార్ దాకా నిండాలంటే దాదాపు 4,000 లీటర్ల గాలి కావాలి. మెషిన్ అసలు ఇచ్చే గాలి 15 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) అయితే నిమిషానికి 425 లీటర్లు, అంటే తొమ్మిది పది నిమిషాల పని. పావుగంట పడితే రింగులో వాల్వులో అరిగాయి. ఖాళీ చేసేటప్పుడు డ్రెయిన్ కాక్ కింద తెల్ల ప్లాస్టిక్ మగ్గు పెట్టండి. నీళ్లు రావడం సహజమే. ఎర్రగా, తుప్పు పెళ్లలతో వస్తే లోపల ట్యాంకు సన్నబడుతోందన్నమాట. పంపు బాగు చేయొచ్చు గానీ పాడైన ట్యాంకుకు వెల్డింగ్ వేయించి వాడటం మహా ప్రమాదం. హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష) చేయించి సర్టిఫికెట్ ఇస్తేనే ట్యాంకుకు విలువ కట్టండి, లేదంటే మోటారు, పంపులకే కట్టండి. మీ షెడ్డుకు త్రీఫేజ్, దానికి తగ్గ లోడు ఉన్నాయో లేదో ఈలోగా కరెంటు ఆఫీసులో అడిగి ఉంచండి.

బ్యాలెన్సర్‌కు తేలికైన పరీక్ష. ఒక చక్రాన్ని సున్నాకు బ్యాలెన్స్ చేయండి. నట్ వదులు చేసి, షాఫ్ట్ మీద చక్రాన్ని సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి తిప్పండి. మళ్లీ సున్నాకు దగ్గరగా రావాలి. పది గ్రాముల పైన చూపిస్తే చక్రాన్ని షాఫ్ట్ మీద నడిమధ్యలో నిలిపే కోన్లు అరిగి ఉండాలి, లేదా షాఫ్ట్ వంగి ఉండాలి. కోన్లయితే కొత్తవి దొరుకుతాయి, షాఫ్ట్ అయితే వదిలేయండి.

అలైన్‌మెంట్ మెషిన్‌కూ ఇలాంటిదే. ఒక కారు రీడింగ్ తీయండి, క్లాంపులు విప్పి మళ్లీ బిగించి, మళ్లీ తీయండి. రెండు రీడింగుల్లో క్యాంబర్ (చక్రం పక్కకు వాలిన కోణం), టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) దాదాపు ఒకటే రావాలి. కెమెరా బాగుంటే చాలదు. అందులో సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఎవరి పేరున ఉంది, డాంగిల్ (లైసెన్సుకు తాళంచెవిలా పనిచేసే చిన్న ప్లగ్) ఇస్తున్నారా, కొత్త కార్ల డేటా అప్‌డేట్ మీ పేరుకు మారుస్తారా అన్నది తయారీ కంపెనీ సర్వీస్ వాళ్లకు సీరియల్ నంబర్ చెప్పి ఫోన్‌లోనే కనుక్కోండి. మార్చం అన్నారంటే ఆ మెషిన్ పాత కార్లకే పనికొస్తుంది, ఆ లెక్కనే ధర. ఊడదీసి తెచ్చాక కాలిబ్రేషన్ మళ్లీ చేయించాలి, అది మీ ఖర్చే.

కంపెనీ స్కానర్ ఎందుకు వద్దన్నానంటే, దాని ప్రాణం ఆ బాక్సులో లేదు, డీలర్ కోడ్‌కు కట్టిన లాగిన్‌లో ఉంది. డీలర్‌షిప్ పోయిన రోజే లాగిన్ పోతుంది. మల్టీబ్రాండ్ స్కానర్లకూ సబ్‌స్క్రిప్షన్ గోల ఉంది, సీరియల్ నంబర్ పాత యజమాని ఖాతాలో రిజిస్టరై ఉంటే అప్‌డేట్లు మీకు రావు. ఆ డబ్బుతో కొత్త మల్టీబ్రాండ్ స్కానర్ ఒకటి కొనుక్కోండి.

ఇప్పుడు అసలు బంగారం. లాట్‌లో చివరి వరుసలో రాసిన స్పెషల్ టూల్స్. అమ్మేవాళ్లు వీటిని తుక్కు తూకంలో చూస్తారు, ఎందుకంటే బ్రాండ్ పోయాక వాళ్లకు పనికిరావు. కానీ బ్రాండ్ పోయినా కార్లు రోడ్ల మీదే ఉన్నాయి కదా. ఫోర్డ్ డీలర్‌షిప్ అయితే టూల్ మీద కొట్టిన నంబరు చూడండి: 303తో మొదలైతే ఇంజన్‌ది, 308 అయితే మాన్యువల్ గేర్‌బాక్స్, క్లచ్ వైపుది. ఎకోస్పోర్ట్, ఫియస్టా పెట్రోల్ ఆటోమేటిక్‌లలో వచ్చిన పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్స్ డ్యుయల్ క్లచ్ విప్పి బిగించాలంటే దాని టూల్స్ ఉండాల్సిందే, సుత్తి, ఉలితో అయ్యే పని కాదు. చిన్న ఊళ్లలో ఆ పని చేసేవాళ్లు తక్కువ. ఖమ్మంలో అది మీరే చేస్తే సూర్యాపేట, కొత్తగూడెం నుంచి కూడా బళ్లు వస్తాయి.

షెవర్లే, ఫియట్ టూల్స్ దొరికితే ఇంకా మేలు. ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజన్ ఒక్క ఫియట్ కార్లలోనే కాదు, మారుతి స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగాలో, టాటా విస్టా, మాంజాలో, షెవర్లే సెయిల్‌లో కూడా వచ్చింది. బీఎస్6 ఉద్గార నిబంధనలు వచ్చిన 2020లో మారుతి ఆ ఇంజన్‌ను ఆపేసింది గానీ, ఆ బళ్లు ఇంకా లక్షల్లో తిరుగుతున్నాయి. వాటి టైమింగ్ చైన్ మార్చేటప్పుడు క్యామ్, క్రాంక్ లాక్ చేసే పిన్నులు ఆ డబ్బాలో ఉంటే వారంలోనే పనికొస్తాయి. టూల్ బోర్డు మీద ప్రతి టూల్‌కూ దాని ఆకారం గీసి ఉంటుంది. ఖాళీగా ఉన్న ఆకారాలు లెక్కపెట్టండి. సెట్లో ఒక్క పిన్ను లేకపోయినా మిగతావి షోకేస్‌లో పెట్టుకోవాల్సిందే. టార్క్ రెంచ్‌లు తీసుకోండి, కాలిబ్రేషన్ చేయించాకే వాడండి. వర్క్‌షాప్ మాన్యువల్ పుస్తకాలు, వైరింగ్ డయాగ్రమ్‌లు చెత్తబుట్టలో కనిపించినా తెచ్చుకోండి.

పెయింట్ బూత్ చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది, అంత పెద్ద వస్తువు అంత తక్కువకా అని. పెళ్లిపందిరి విప్పి ఇంకో ఊళ్లో వేసినట్టు కాదు అది. ప్యానెళ్లు విప్పేటప్పుడు అంచులు వంగుతాయి, సీలింగ్ పాడవుతుంది, డక్టులు సగం గ్యాస్ కటింగ్‌తోనే ఊడతాయి. మళ్లీ నిలబెట్టాక సందుల్లోంచి దుమ్ము లాగితే బూత్ ఉన్నా రంగు మీద గింజలే. విప్పే కూలి, లారీలు, హైడ్రా క్రేన్, కొత్త ఫిల్టర్లు, బర్నర్ సర్వీసు, పునాది కలిపి చూస్తే మీరు ఇచ్చిన ధర చిన్నదైపోతుంది. దానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, ఇరుగుపొరుగు ఫిర్యాదులు అదనం. ఇన్సూరెన్స్ టై-అప్‌లు లేని కొత్త గ్యారేజ్‌కు రోజూ బూత్ నిండే పని రాదు. బాడీషాప్ నుంచి ఏదైనా తేవాలంటే స్పాట్ వెల్డర్, డెంట్ పుల్లర్, ఇన్‌ఫ్రారెడ్ డ్రయర్ తెచ్చుకోండి. అవి ఆటోలో వస్తాయి.

ఏసీ గ్యాస్ మెషిన్ ఉంటే ఆర్134ఎ అనే గ్యాస్ రకమేనా చూసి, దాని తూకం మీద తెలిసిన బరువు పెట్టి పరీక్షించండి. తూకం తప్పితే ప్రతి కారుకూ గ్యాస్ తప్పే పోస్తారు. మిగిలిన పెయింట్, థిన్నర్, పాత ఆయిల్ డ్రమ్ములు "ఫ్రీ" అని అంటగడతారు. తీసుకోకండి, వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కింద వస్తుంది, వదిలించుకోవడం మీ నెత్తినపడుతుంది.

ధర విషయానికొస్తే, నా పద్ధతి ఇది: పరీక్షలో నెగ్గిన లిఫ్ట్, బ్యాలెన్సర్లకు కొత్తదాని ధరలో సగం దాకా వెళ్తాను. కంప్రెసర్‌కు ఇంకా తక్కువ. అలైన్‌మెంట్ మెషిన్‌కు లైసెన్సు మారితే మూడో వంతు, మారకపోతే అందులో సగం కూడా కాదు. విప్పడం, రవాణా, మళ్లీ బిగించడం అన్నీ ఆ సంఖ్య లోపలే రావాలి. వాళ్లు చెప్పిన "మూడో వంతు" ఏ కొత్త ధర మీద లెక్కో కూడా అడగండి. ఈరోజు అదే మోడల్‌కు డీలర్ కొటేషన్ తెప్పించుకుంటే వాళ్ల మూడో వంతు ఒక్కోసారి మీ సగానికి తేలుతుంది.

ఆఖరి వారం దాకా ఆగితే ఇంకా తగ్గుతుందని కొందరు సలహా ఇస్తారు. తగ్గుతుంది నిజమే, కానీ అప్పటికి కేబుళ్లు, కంట్రోల్ బాక్సులు, రిమోట్లు, క్లాంపులు ఎవరో పట్టుకుపోయి ఉంటారు. ఇప్పుడే వెళ్లి కరెంటు ఉండగానే పరీక్షలు చేయండి. ఒకసారి మీటర్ కట్ చేశాక లిఫ్ట్ ఆడించి చూపించమని అడగడానికి ఉండదు. నేమ్‌ప్లేట్లు, యాక్సెసరీలు ఫొటోలు తీసి, సీరియల్ నంబర్లతో జాబితా రాయించి సంతకాలు పెట్టించుకుని, చిన్న అడ్వాన్సు బ్యాంకు ద్వారా ఇవ్వండి. మిగతాది లోడింగ్ రోజున ఆ జాబితాతో సరిచూసుకున్నాక. ఒకవేళ బ్యాంకే వేలం వేస్తుంటే ఈ వెసులుబాటు ఉండదు. "ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోట ఉన్నట్టు" అనే షరతు మీదే అమ్ముతారు, చూసుకోవడానికి ఇచ్చిన రోజునే అన్నీ చూసుకోవాలి, తర్వాత అడిగే హక్కు ఉండదు. అక్కడ కొనేటట్టయితే వేలంలో పాట పాడేముందే మీరు దాటకూడని మొత్తం కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

ఇంకొకటి. లిఫ్టులు విప్పడానికి బయటి కూలీలను కాకుండా, అదే వర్క్‌షాప్‌లో మెయింటెనెన్స్ చూసినతన్ని మాట్లాడుకోండి. ఏ లిఫ్ట్‌కు ఎప్పుడు సీల్ మార్చారో, ఏది మొండికేస్తుందో యజమాని కంటే అతనికే బాగా తెలుసు. అతనికి కూడా ఇప్పుడు పని కావాలి.

రెండు లిఫ్టుల నేమ్‌ప్లేట్ ఫొటోలు, మీ షెడ్డు ఎత్తు, బెడ్ మందం, అది ఏ బ్రాండ్ డీలర్‌షిప్పో ఇక్కడ రాయండి. టూల్ బోర్డు ఫొటో కూడా పెడితే ఏ సెట్లు తీసుకోవాలో గుర్తుపెట్టి చెబుతాను.